గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచిన డాక్టర్.. మళ్లీ మూసుకుంటుందని దాచని మనిషి

తిరుపతి స్విమ్స్‌లోనో, సరిహద్దు దాటి వేలూరు సీఎంసీలోనో యాంజియోప్లాస్టీ చేయించుకొచ్చిన మనిషి మన ప్రతి మొహల్లాలో ఒకరైనా ఉంటారు. స్టెంట్ వేశారు, అల్లా దయ వల్ల గండం గడిచింది అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కొందరికి నాలుగైదు నెలలు తిరిగేసరికి మెట్లెక్కితే మళ్లీ ఆయాసం, మళ్లీ ఛాతీలో బరువు. పరీక్ష చేస్తే పాత చోటే మళ్లీ సన్నబడింది అంటారు. అప్పుడు ఇంట్లో మొదలయ్యే మాటలు అందరికీ తెలిసినవే. డాక్టర్ సరిగా వేయలేదా? నాసిరకం స్టెంట్ పెట్టారా? ఇంత ఖర్చూ వృథాయేనా?

ఈ ప్రశ్న మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పుట్టింది కాదు. యాంజియోప్లాస్టీ పుట్టిన రోజే ఇదీ పుట్టింది. ఆ వైద్యాన్ని కనిపెట్టిన డాక్టర్ దీన్ని అందరికంటే ముందు గమనించారు. గమనించి దాచలేదు. ఆయన పేరు ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్. ప్రపంచంలో ఏ మూల గుండెకు బెలూన్ వేసినా ఆ పనికి మూలపురుషుడు ఆయనే. చనిపోయి 40 ఏళ్లు దాటింది.

యుద్ధం మింగిన బాల్యం

గ్రూంట్‌జిగ్ 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో పుట్టారు. రెండు నెలలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధానికి వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. తల్లి ఒక్కతే ఇద్దరు మగపిల్లలను సాకింది. యుద్ధం ముగిశాక దేశం రెండు ముక్కలైంది. వాళ్ల ఇల్లు కమ్యూనిస్టుల పాలనలోని తూర్పు జర్మనీలో పడింది. బతుకుదెరువు కోసం ఆ కుటుంబం 1950లో సముద్రాలు దాటి అర్జెంటీనా వెళ్లింది. అక్కడ కుదురుకోలేక రెండేళ్లకే తిరిగొచ్చి లైప్‌జిగ్‌లో ఉంది.

చదువులో పిల్లవాడు చురుకు. లైప్‌జిగ్‌లోని పేరున్న థామస్ స్కూల్‌లో చదువు పూర్తి చేసి, తర్వాత పశ్చిమ జర్మనీకి చేరారు. హైడల్‌బర్గ్ యూనివర్సిటీలో మెడిసిన్ చదివి 1964లో డాక్టర్ అయ్యారు. వెంటనే గుండె వైపు రాలేదు. కొన్నేళ్లు ఊరూరి ఆస్పత్రుల్లో పని చేశారు. లండన్ వెళ్లి, జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయి, ఎంతమందికి వస్తాయి, వైద్యం వల్ల ఎంతమంది బాగుపడ్డారు అని లెక్కగట్టే శాస్త్రం నేర్చుకున్నారు. ఆ లెక్కల అలవాటు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఈ కథలో అదే అసలు విషయం.

కాలి నుంచి గుండె వరకు

గ్రూంట్‌జిగ్ డాక్టర్ పట్టా తీసుకున్న 1964లోనే అమెరికాలో ఒక వింత జరిగింది. ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టర్ ఉండేవారు. ఆయన దగ్గరికి 82 ఏళ్ల ముసలావిడ వచ్చింది. కాలికి రక్తం అందక పాదం కుళ్లిపోతోంది. కాలు తీసేయాలన్నారు సర్జన్లు. ఆమె ససేమిరా అంది. డాటర్ జనవరి 16న ఆమె తొడలోని రక్తనాళంలోకి సన్నటి గొట్టం, దాని మీదుగా కాస్త లావు గొట్టం పంపి, మూసుకుపోతున్న దారిని వెడల్పు చేశారు. పాదం వెచ్చబడింది. పుండు మానింది. ఆమె చనిపోయేదాకా తన కాళ్ల మీదే నడిచింది.

అమెరికాలో చాలామంది డాక్టర్లు డాటర్‌ను పిచ్చివాడి కింద జమకట్టారు. జర్మనీలో మాత్రం కొందరు ఆ పద్ధతి నేర్చుకున్నారు. వాళ్ల ద్వారా అది గ్రూంట్‌జిగ్ చెవిన పడింది. 1969 చివర్లో ఆయన స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ యూనివర్సిటీ ఆస్పత్రిలో చేరారు. అప్పటికి మనసులో ఒకటే ఆలోచన. కాలికి పనికొచ్చినది గుండెకు ఎందుకు పనికిరాదు?

అడ్డంకి గొట్టమే. డాటర్ గొట్టాలు బిరుసైనవి, లావైనవి. గుండె మీద ఉండే రక్తనాళాలు లోపల మూడు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. వాటిలోకి లావు గొట్టం దూర్చితే చీలిపోతాయి. కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడు సన్నగా ఉండి, కావలసిన చోటికి చేరాక ఉబ్బే వస్తువు కావాలి. అంటే బెలూన్. కానీ మామూలు రబ్బరు బెలూన్ పనికిరాదు. గట్టి కొవ్వు అడ్డొచ్చిన చోట అది నడుం కట్టినట్టు నొక్కుకుపోయి, మెత్తగా ఉన్న అటూ ఇటూ ఉబ్బుతుంది. అడ్డు అడ్డంగానే ఉంటుంది, మంచి నాళం పగులుతుంది. ఎంత గాలి కొట్టినా తన కొలత దాటకుండా, అడ్డును మాత్రం నెట్టే బెలూన్ కావాలి.

వంటింటి బల్లే కార్ఖానా

అలాంటి బెలూన్ ఏ కంపెనీ దగ్గరా లేదు. గ్రూంట్‌జిగ్ సొంతంగా చేసుకోవాలనుకున్నారు. పగలు ఆస్పత్రి, రాత్రి ఇంట్లో వంటింటి బల్ల. ఆ బల్ల మీద ప్లాస్టిక్ గొట్టాలు, జిగురు, దారం, బ్లేడ్లు. భార్య, ఆయన దగ్గర పనిచేసే మరియా ష్లుంప్ఫ్ కూడా చేతులు కలిపేవారు. మొదట బెలూన్ ఎక్కువ ఉబ్బకుండా పట్టుదారం అల్లిక చుట్టి చూశారు. అది లావైపోయింది. అప్పుడు జూరిచ్‌లోనే రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసర్ హైన్‌రిష్ హోఫ్ సాయం దొరికింది. పీవీసీ వాడి చూడమని దారి చూపింది ఆయనే. మన ఇళ్లకు నీళ్ల పైపులు చేసే ప్లాస్టిక్ జాతిదే అది. దాన్ని వేడి చేసి, సాగదీసి, మళ్లీ మళ్లీ పాడుచేసి, చివరకు సాసేజ్ ఆకారంలో ఉబ్బే బెలూన్ తయారుచేశారు. అది నిర్ణయించిన వెడల్పు దాకే ఉబ్బుతుంది, అంతకు మించి ఉబ్బదు.

1974 ఫిబ్రవరిలో దాన్ని తొలిసారి ఒక రోగి కాలి రక్తనాళంలో వాడారు. పని చేసింది. తర్వాత దాన్ని ఇంకా సన్నం చేసి కుక్కల గుండెల మీద ప్రయోగాలు చేశారు. 1976లో ఆ ఫలితాలను అమెరికాలోని మయామీలో గుండె డాక్టర్ల మహాసభలో ఒక పోస్టర్‌గా పెట్టారు. చూసినవాళ్లలో నమ్మినవాళ్లు తక్కువ. కొట్టుకునే గుండెలో బెలూన్ ఉబ్బిస్తే మనిషి బతుకుతాడా అన్నది వాళ్ల అనుమానం.

1977 సెప్టెంబర్ 16

ఆ రోజు జూరిచ్‌లో 38 ఏళ్ల యువకుడు బల్ల మీద పడుకున్నాడు. గుండె ముందు భాగానికి రక్తం అందించే ప్రధాన నాళంలో ఒకే చోట, చిన్న ముక్కలో గట్టి అడ్డు ఉంది. అప్పటిదాకా అలాంటివాళ్లకు ఉన్న దారి ఒకటే, ఛాతీ కోసి బైపాస్ చేయడం. ఏదైనా తేడా జరిగితే వెంటనే కోయడానికి సర్జన్ల బృందం సిద్ధంగా ఉంది. ఆ విభాగానికి పెద్ద అయిన ఓకె సెన్నింగ్ స్వయంగా సర్జన్ అయినా, తన సర్జరీకే పోటీ రాబోతున్న ఈ ప్రయత్నానికి అడ్డు చెప్పలేదు.

రోగి మెలకువగానే ఉన్నాడు. తొడ నుంచి వెళ్లిన సన్నటి గొట్టం గుండె దాకా చేరింది. బెలూన్ కొన్ని సెకన్లు ఉబ్బింది, మళ్లీ తగ్గింది. అడ్డు వెనక్కి జరిగింది. ఛాతీ కోయలేదు, సర్జన్లకు పని పడలేదు. ప్రపంచంలో మెలకువగా ఉన్న మనిషి గుండెకు చేసిన తొలి బెలూన్ యాంజియోప్లాస్టీ అదే.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఆయన చిన్న ఉత్తరంగా ఈ సంగతి ప్రకటించారు. దేశదేశాల నుంచి డాక్టర్లు జూరిచ్‌కు వచ్చారు. 1978 నుంచే ఆయన వాళ్ల కోసం శిక్షణ తరగతులు పెట్టారు. తను చేసేది పక్క హాల్లో టీవీలో అందరూ అప్పటికప్పుడు చూసేలా ఏర్పాటు చేశారు. పని కుదిరినా, చెడినా అందరి కళ్ల ముందే. ఈ రోజు పెద్ద పెద్ద కార్డియాలజీ సదస్సుల్లో లైవ్ చూపించే పద్ధతికి మొదలు అదే.

50 మంది లెక్క

1979లో అమెరికాలోని 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో తొలి 50 మంది రోగుల వివరాలు ఇచ్చారు. కొత్త వైద్యం కనిపెట్టినవాడు గెలుపులే చెప్పుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన అలా చేయలేదు. 50 మందిలో 32 మందికే కుదిరిందని రాశారు. ఐదుగురి పరిస్థితి విషమించి అప్పటికప్పుడు బైపాస్‌కు తీసుకెళ్లాల్సి వచ్చిందని రాశారు. బైపాస్ అవసరమైనవాళ్లలో నూటికి 10 నుంచి 15 మందికి మాత్రమే ఈ పద్ధతి సరిపోతుందని కూడా ఆయనే హద్దు గీశారు.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. నొప్పి తగ్గిందని ఇంటికి పంపి ఊరుకునేవారు కాదు. కొన్ని నెలలకు రోగిని మళ్లీ పిలిపించి, తెరిచిన చోటు ఎలా ఉందో మళ్లీ ఫొటో తీసి చూసేవారు. అలా చూస్తేనే చేదు నిజం బయటపడింది. బాగా తెరుచుకున్న నాళాల్లో కొన్ని ఆరు నెలల లోపే మళ్లీ సన్నబడుతున్నాయి. బెలూన్ ఒక్కటే వాడిన ఆ కాలంలో సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇదే జరిగేది.

మళ్లీ పిలిపించి చూడకపోతే ఈ సంగతి చాలాకాలం ఎవరికీ తెలిసేది కాదు. బెలూన్ వైద్యానికి పేరు చకచకా వచ్చేది. కానీ తెలిసింది కాబట్టే దాన్ని ఆపే దారి వెతకడం మొదలైంది.

ఎందుకు మళ్లీ సన్నబడుతుంది?

రక్తనాళం పీవీసీ పైపు కాదు, ప్రాణమున్న కండ. పైపులో చెత్త తీసేస్తే పైపు అలాగే ఉంటుంది. నాళం అలా ఉండదు. బెలూన్ ఉబ్బినప్పుడు కొవ్వు గడ్డ చిట్లుతుంది, నాళం గోడ సాగుతుంది, లోపలి సన్నటి పొర చిరుగుతుంది. అంటే దారి తెరవడమే ఒక గాయం. ఆ తర్వాత శరీరం మూడు పనులు చేస్తుంది.

మొదటిది వెనక్కి లాక్కోవడం. సాగదీసిన రబ్బరు వదిలితే ముడుచుకున్నట్టే గోడ కొంత వెనక్కి వస్తుంది. ఇది నిమిషాల్లో, గంటల్లో జరిగేది.

రెండోది గాయం మాన్పుకోవడం. మామిడి చెట్టు బెరడు మీద కత్తి గాటు పడితే కొన్నాళ్లకు అక్కడ చెట్టే ఉబ్బెత్తుగా కడుతుంది. మన తోటల్లో ఎవరైనా చూడొచ్చు. నాళంలోనూ అంతే. చిరిగిన చోటికి ముందు రక్తంలోని ప్లేట్‌లెట్లు చేరతాయి, వాపు వస్తుంది. దాంతో గోడలో నిద్రాణంగా ఉన్న కండర కణాలు మేల్కొని లోపలికి జరిగి పెరగడం మొదలుపెడతాయి. కొత్త కండ పొర తయారవుతుంది. అది పలచగా ఆగితే గాయం మానినట్టు. ఆగకుండా మందంగా పెరిగితే దారి మళ్లీ ఇరుకవుతుంది. అంటే ఇది తిరిగొచ్చిన కొవ్వు కాదు, ఎక్కువైన మాన్పు.

మూడోది మచ్చ బిగుసుకోవడం. కాలిన చోట చర్మం మానాక దగ్గరికి లాగినట్టు, నాళం మొత్తం ఆ చోట కుంచించుకుపోతుంది.

ఈ రెండూ మూడూ కలిసి ఎక్కువగా మూడు నుంచి ఆరు నెలల మధ్య పని చేస్తాయి. అందుకే బాగున్నాడు అనుకున్న మనిషికి సరిగ్గా ఆ నెలల్లోనే ఆయాసం మళ్లీ మొదలవుతుంది.

అట్లాంటా, చివరి రోజులు

జూరిచ్‌లో తనకు కావలసినన్ని పడకలు, గదులు దొరకలేదు. 1980లో గ్రూంట్‌జిగ్ అమెరికా వెళ్లి అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో చేరారు. అక్కడ పేరు, డబ్బు, అభిమానులు అన్నీ వచ్చాయి. సొంత విమానం కొనుక్కుని తానే నడిపేవారు. ఆస్పత్రిలో మాత్రం పాత పట్టుదలే. ప్రతి రోగి లెక్కా రాయాలి, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. తొందరపడి అందరికీ బెలూన్ వేయొద్దని, బైపాస్‌తో నిష్పక్షపాతంగా పోల్చి చూడాలని పట్టుబట్టారు. ఆ పోలిక కోసం ఎమొరీలో పరిశోధనకు పునాది పడింది.

1985 అక్టోబర్ 27న సముద్ర తీరంలోని విడిది నుంచి భార్యతో కలిసి తన విమానంలోనే అట్లాంటాకు బయల్దేరారు. వాతావరణం బాగాలేదు. జార్జియా రాష్ట్రంలోని ఫోర్సిత్ దగ్గర విమానం కూలింది. ఇద్దరూ చనిపోయారు. ఆయన వయసు 46. కాలి నాళాలతో ఈ దారి మొదలుపెట్టిన డాటర్ కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూశారు. గురువు, శిష్యుడు ఇద్దరూ ఒకే ఏడాది పోయారు. మూసుకునే నాళం ప్రశ్న మాత్రం తేలకుండా మిగిలింది.

ప్రశ్నను అందుకున్నవాళ్లు

ఆయన పోయిన ఐదు నెలలకు, 1986 మార్చిలో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ పుయెల్ అనే డాక్టర్ మనిషి గుండె నాళంలో తొలి స్టెంట్ పెట్టారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిష్ సిగ్వార్ట్ కూడా అదే సమయంలో ఆ పని చేశారు. స్టెంట్ అంటే లోహపు జల్లెడ గొట్టం. అది గోడకు ఊతకర్రలా నిలబడి, వెనక్కి లాక్కోవడాన్ని, కుంచించుకోవడాన్ని ఆపుతుంది. 1994లో వచ్చిన యూరప్ పరిశోధనలో బెలూన్ ఒక్కటే వేసినవాళ్లలో నూటికి 32 మందికి మళ్లీ సన్నబడితే, స్టెంట్ వేసినవాళ్లలో 22 మందికే అలా జరిగింది. తగ్గింది గానీ పోలేదు. ఎందుకంటే లోహం రెండో పనిని, అంటే కండ పెరగడాన్ని ఆపలేదు. జల్లెడ సందుల్లోంచి కండ లోపలికి పెరిగేది.

ఇక్కడ మన తెలుగు నేల పాత్ర ఉంది. స్టెంట్లు అప్పట్లో విదేశాల నుంచే రావాలి, ధర సామాన్యుడికి అందేది కాదు. 1990లలో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఏపీజే అబ్దుల్ కలాం, గుండె డాక్టర్ సోమరాజు కలిసి మన దేశంలోనే చౌకగా స్టెంట్ తయారు చేయించారు. క్షిపణుల కోసం నేర్చుకున్న లోహ విద్య గుండెకు పనికొచ్చింది. దానికి కలాం-రాజు స్టెంట్ అని పేరు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 1980లో ఎస్‌ఎల్‌వీ రాకెట్‌ను పైకి పంపిన కలామే ఆయన.

కండ పెరగడాన్ని ఆపిన మందు ఇంకా దూరం నుంచి వచ్చింది. పసిఫిక్ సముద్రంలో రాపా నూయీ అనే ఒంటరి దీవి ఉంది. బయటివాళ్లు ఈస్టర్ ద్వీపం అంటారు. 1964లో కెనడా నుంచి వెళ్లినవాళ్లు అక్కడి మట్టి తెచ్చారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లోని ఒక మందుల కంపెనీలో సురేంద్రనాథ్ సెహగల్ బృందం ఒక మందు వేరు చేసింది. దీవి పేరు మీద రాపమైసిన్ అన్నారు. సెహగల్ పుట్టింది ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో. కణాలు అదుపు లేకుండా పెరగకుండా ఆ మందు ఆపుతుంది. దాన్ని స్టెంట్‌కు పూత పూసి, 1999 చివర్లో బ్రెజిల్‌లోని సావో పాలోలో తొలిసారి రోగులకు వేశారు. మందు కొంచెం కొంచెంగా కరిగి గోడలోకి దిగుతుంది. ఈ మందు స్టెంట్లు వచ్చాక మళ్లీ సన్నబడటం నూటికి పది లోపుకు దిగింది.

కానీ దానికీ ఒక మూల్యం ఉంది. కండ పెరగకుండా ఆపే మందు, లోహం మీద సహజమైన పలచటి పొర కప్పుకోవడాన్నీ ఆలస్యం చేస్తుంది. పొర కప్పుకోని లోహం మీద రక్తం గడ్డ కట్టొచ్చు. అందుకే స్టెంట్ వేసినవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర నెలల తరబడి రాస్తారు. అది ఎన్ని నెలలో రోగిని బట్టి డాక్టర్ చెబుతారు.

మన ఇళ్లలో తేడా తెలియాల్సినవి

మళ్లీ మూసుకుంది అని మనం ఒకే మాటలో అనేవి నిజానికి మూడు వేర్వేరు జబ్బులు. ఒకటి, స్టెంట్ లోపల కండ పెరగడం. ఇది నెమ్మదిగా, నడిస్తే నొప్పి, ఆగితే తగ్గడంతో తెలుస్తుంది. రెండు, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం. ఇది ఉన్నట్టుండి వచ్చే గుండెపోటు, గంటలు కూడా ఆగకూడదు. మాత్రలు మధ్యలో మానేసినవాళ్లలో దీని భయం ఎక్కువ. మూడు, స్టెంట్ బాగానే ఉండి వేరే చోట కొత్త అడ్డు రావడం. బెలూన్, స్టెంట్ ఒక్క చోటును మాత్రమే బాగుచేస్తాయి. కొవ్వు పేరుకునే జబ్బు నాళాలన్నిటిదీ.

షుగర్ ఉన్నవాళ్లలో కండ పెరుగుదల ఎక్కువ. నాళం సన్నగా ఉన్నా, అడ్డు పొడవుగా ఉన్నా, స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోయినా మళ్లీ సన్నబడే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మళ్లీ సన్నబడిన ప్రతిసారీ అది డాక్టర్ తప్పనో, స్టెంట్ నాసిరకమనో అనుకోనక్కర్లేదు. చాలాసార్లు అది మన ఒంటి తీరు. అలా జరిగితే మళ్లీ బెలూన్, మందు పూసిన బెలూన్, ఇంకో స్టెంట్, కొందరికి బైపాస్ ఇలా దారులున్నాయి. బీడీ, సిగరెట్ మానడం, షుగర్, బీపీ, కొవ్వు అదుపులో పెట్టుకోవడం మాత్రం మన చేతిలో పని.

ధర సంగతి కూడా తెలిసుండాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టింది. మామూలు స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు స్టెంట్‌కు 29,600 రూపాయలు అని అప్పట్లో నిర్ణయించారు. తర్వాత అవి మారుతూ వచ్చాయి. బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపించమని అడగడం తప్పు కాదు.

రంజాన్ నెలలో ఇంకో ఇబ్బంది. రోజా ఉంటున్నామని కొందరు పగటి మాత్రలు మానేస్తారు. ఒకపూట మాత్రలను ఇఫ్తార్‌కో, సహరీకో మార్చుకోవచ్చు, రెండు పూటల మాత్రలను రెంటికీ సర్దుకోవచ్చు. అయితే ఇది సొంతంగా చేసే పని కాదు, నెల రాకముందే డాక్టర్‌ను అడగాలి. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయితే రోజా ఉండొచ్చో లేదో కూడా అడగాలి. రోగికి రోజా నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. కోలుకున్నాక ఖజా తీర్చుకోవచ్చు, కోలుకునే ఆశ లేనివాళ్లకు ఫిద్యా ఉంది. మాత్ర మాని ఉపవాసం ఉండమని దీన్ ఎవరినీ అడగలేదు.

తొలి రోగి నాళం

1977లో బల్ల మీద పడుకున్న ఆ 38 ఏళ్ల యువకుణ్ని పదేళ్ల తర్వాత పిలిచి మళ్లీ పరీక్ష చేశారు. గ్రూంట్‌జిగ్ తెరిచిన చోటు తెరిచే ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్లకు చూసినా అలాగే ఉంది. ముగ్గురిలో ఒకరికి మళ్లీ సన్నబడుతున్న ఆ రోజుల్లో తొలి రోగి మిగతా ఇద్దరి వైపు నిలిచాడు. అది చూసుకోవడానికి డాక్టర్ మాత్రం లేరు.

జూరిచ్‌లో ఆయన చేసిన తొలి 169 మంది రోగుల లెక్క కూడా ఆయన పోయాకే, 1987లో అచ్చయింది. కుదిరినవి ఎన్ని, కుదరనివి ఎన్ని, మళ్లీ సన్నబడినవి ఎన్ని, అన్నీ అందులో ఉన్నాయి. యాంజియోప్లాస్టీ అయ్యాక డాక్టర్ ఫలానా తేదీకి మళ్లీ రమ్మని చీటీ రాస్తారు. నొప్పి లేదు కదా, చార్జీలు దండగ, వేలూరు దాకా ఎవరు పోతారు అని ఆ చీటీని బీరువాలో పెట్టేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ చీటీ వెనక ఉన్నది గ్రూంట్‌జిగ్ అలవాటే. నొప్పి లేనప్పుడే వెళ్లి చూపించుకోవాలి.